నిమిషానికి పదిహేను చుట్లు

స్వరాజ్యం వచ్చిన రెండు మూడేళ్ళకు రాజోలు దగ్గర వశిష్ఠ పాయలో బల్లపరుపు ఇనప పడవ ఒకటి, పంటు అంటారు దాన్ని, మునిగిపోయింది. లాకుల మరమ్మతుకు తెస్తున్న దూలాలు, గొలుసులు, ఒక చిన్న క్రేను దానిమీద ఉన్నాయి. గాలివానకు తాళ్ళు తెంచుకుని కొట్టుకుపోయింది. ముందు భాగం ఇసక మేట ఎక్కి ఆగిపోయింది, వెనక భాగం పక్కనున్న మడుగులోకి జారిపోయింది. సరిగ్గా లాంచీలు తిరిగే దారికి అడ్డంగా పడింది. దాన్ని పైకి తీసే పని మా డిపార్టుమెంటుకు వచ్చింది. దగ్గరుండి చూసుకోమని నన్ను వేశారు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. కొత్తపేటవాణ్ణి. ఓవర్సీరు పరీక్ష మంచి మార్కులతో పాసయ్యాను గాని, ఉద్యోగం టెంపరరీ. ఆర్నెల్లకోసారి ఉంచుతారో, పొమ్మంటారో తెలియదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసినదానికి చాలా ఏళ్ళపాటు దీన్నే సాకుగా చెప్పుకున్నాను. నాకు నేనే చెప్పుకున్నాను, వేరెవరికీ చెప్పే ధైర్యం లేదు.

నీళ్ళలోకి దిగి దూలాలకు గొలుసులు తగిలించడానికి ఒక డైవరును పిలిపించారు. సముద్రం మొగ దగ్గర పల్లెవాడు. నలభై అయిదు దాటి ఉంటాయి. చిన్నతనంలో ఏదో రేవులో ఇత్తడి టోపీ పెట్టుకుని దిగే పని నేర్చుకున్నాడట. రబ్బరు బట్టల సూటు, సీసం అడుగుల జోళ్ళు, తలమీద అద్దాలున్న ఇత్తడి టోపీ, ఇవన్నీ తొడిగాక మనిషి అడుగు తీసి అడుగు వెయ్యలేడు. నీళ్ళలో దిగాక మాత్రం హాయిగా నడుస్తాడు. పైనుంచి గాలి రబ్బరు గొట్టంలోంచి టోపీలోకి వెళ్ళాలి. ఆ గాలి కొట్టడానికి మా పనిపడవ మీద ఒక పంపు ఉంది. దాని రెండు పక్కలా ఇనప చక్రాలు, చక్రానికి ఇద్దరు చొప్పున నలుగురు మనుషులు తిప్పుతూ ఉండాలి. డైవరు నడుముకు కట్టిన తాడు అతని బావమరిది చేతిలో ఉండేది. తాడు ఒకసారి లాగితే బాగానే ఉన్నానని, రెండుసార్లు లాగితే గాలి ఎక్కువ కావాలని, మూడుసార్లు లాగితే పైకి తియ్యమని అర్థం.

అతను నాకన్నా రెండింతల వయసువాడు. అయినా నేను నువ్వు అనేవాణ్ణి. అతను నన్ను బాబుగారూ అనేవాడు.

మొదటి వారమంతా ఇసక మేట వైపు పని. అక్కడ పన్నెండు అడుగుల లోతు. పంపు ఎంత తిప్పాలన్నది ఎవరూ లెక్కపెట్టలేదు. డైవరు తాడు లాగినదాన్నిబట్టి వాళ్ళే తిప్పుకునేవారు. కాని ఆ పంపు చాలా బిగువు. తిప్పేవాళ్ళు మధ్యాహ్నానికి డస్సిపోయి కూలబడేవారు. ఒకరోజు అసిస్టెంటు ఇంజనీరుగారు లాంచీలో వచ్చి చూసి, "వీళ్ళు అయినదానికీ కానిదానికీ తిప్పేస్తున్నారు. అసలు మనిషికి గాలి ఎంత కావాలి? లెక్క కట్టి చెప్పు," అన్నారు.

నాకు లెక్కలంటే ప్రాణం. ఆ పంపు యానాంలో ఫ్రెంచివాళ్ళ పాత సామానులో కొన్నది. దాని పలకమీద కొలత లీటర్లలో ఉంది, ఒక చుట్టుకు మూడు లీటర్లు. మా డిపార్టుమెంటు పుస్తకం ఇంగ్లీషుది. డైవరుకు నిమిషానికి ఒకటిన్నర ఘనపుటడుగుల గాలి కావాలని అందులో ఉంది. ఘనపుటడుగులను లీటర్లలోకి మార్చాలి. అక్కడున్నవాళ్ళలో అది చెయ్యగలవాణ్ణి నేనొక్కణ్ణే. ఘనపుటడుగుకు ఇరవై ఎనిమిది పాయింటు మూడు ఒకటి ఏడు లీటర్లు. ఒకటిన్నరకు నలభై రెండున్నర లీటర్లకు వెంట్రుకవాసి తక్కువ. మూడుతో భాగిస్తే పద్నాలుగు పైచిల్లర. ఎందుకైనా మంచిదని నిమిషానికి పదిహేను చుట్లు చేశాను. నోటుపుస్తకంలో దశాంశాలతో సహా నీటుగా వేసి, వాళ్ళు తిప్పే చుట్లు కూడా వాచీతో లెక్కపెట్టి చూపిస్తే ఇంజనీరుగారు నా భుజం తట్టారు.

"ఇరవై, పాతిక చుట్లు తిప్పుతున్నారన్నమాట ఊరికే! చదువుకున్నవాడు ఒకడుంటే ఇదీ లాభం."

ఆ మాటకు నేను రెండురోజులు పొంగిపోయాను.

మర్నాటినుంచి వాచీ చేత్తో పట్టుకుని పదిహేనుకు మించకుండా తిప్పించాను. తిప్పేవాళ్ళు సంతోషించారు. డైవరు మాత్రం పైకొచ్చి టోపీ తీయగానే, "తల బరువుగా ఉందండి బాబుగారూ," అన్నాడు. ఎండకు అయి ఉంటుందన్నాను.

తర్వాత పని మడుగు వైపుకు మళ్ళింది. అక్కడ గుండు కట్టిన తాడు వేసి చూస్తే ముప్ఫై నాలుగు అడుగులుంది. దిగే రోజు పొద్దున్న సూటు తొడుక్కుంటూ అతను నాతో అన్నాడు.

"బాబుగారూ, ఇక్కడ లోతెక్కువండి. పంపు కుంచెం జోరుగా తిప్పించాలండి."

"లెక్క వేశాను కదయ్యా. మనిషికి ఎంత కావాలో అంతా అందుతుంది."

"లెక్క సంగతి తవరికి తెలుత్తదండి. అడుక్కి ఎల్లేకొద్దీ నాకు రొమ్ము పట్టేత్తదండి. మేం ఎప్పుడూ లోతునిబట్టి తిప్పించుకుంటావండి."

"మనిషి ఊపిరితిత్తులు లోతుకు వెళ్ళాక పెద్దవైపోతాయా?" అన్నాను. పంపు దగ్గరవాళ్ళు నవ్వారు. అతనూ కొంచెం నవ్వి, "ఆయ్, అలాగేనండి," అని టోపీ పెట్టించుకున్నాడు.

ఆ మాట అనడంలో నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను.

దిగిన పావుగంటకు తాడు రెండుసార్లు కదిలింది. బావమరిది నా వైపు తిరిగి, "గాలి అడుగుతున్నాడండి," అన్నాడు. నేను వాచీ చూశాను. చుట్లు సరిగ్గా పదిహేనే.

"అలవాటుకొద్దీ అడుగుతున్నాడు. ఇలాగే తిప్పండి."

మళ్ళీ రెండుసార్లు కదిలింది. కాసేపటికి మళ్ళీ.

"బాబుగారూ, మా బావ ఉత్తినే లాగడండి."

"ఇంజనీరుగారు వచ్చే వేళయింది. ఆయన ఎదురుగా మీ ఇష్టం వచ్చినట్టు తిప్పితే మాట ఎవరికి వస్తుంది? పదిహేనే."

ఆ తర్వాత తాడు కదలలేదు. బావమరిది తనే ఒకసారి లాగి చూశాడు. జవాబు రాలేదు. ఇక నన్ను అడగలేదు. "ఓలప్పో, లాగండ్రా!" అని కేక వేసి, పంపు దగ్గర ఇద్దర్ని తాడు మీదికి పిలిచి పైకి లాగేశాడు.

టోపీ విప్పేసరికి అతని మొహం కందగడ్డలా ఉంది. కళ్ళు ఎర్రగా, ఎటో చూస్తున్నాయి. ఎగరొప్పుతున్నాడు. చెమట ధారలు కారుతున్నాయి. లేవబోయి తూలి పడ్డాడు, మళ్ళీ లేచాడు, పడవ చెక్కలమీద వాంతి చేసుకున్నాడు. నోట్లోంచి మాట ముద్దముద్దగా వస్తోంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే ఇంజనీరుగారి లాంచీ వచ్చి ఆనుకుంది. ఆయన దిగి, "ఏమైంది వీడికి?" అంటూ వంగి భుజం పట్టుకున్నారు. ఎవరు పట్టుకున్నారో కూడా తెలియని మనిషి చెయ్యి విసిరేశాడు. ఆ చెయ్యి తగిలి ఆయన సోలా టోపీ గోదావరిలో పడింది. దానితోపాటు అతని నోటివెంట ఒక బూతు కూడా వచ్చింది.

పడవలోవాళ్ళంతా బిగుసుకుపోయారు. ఇంజనీరుగారు నిటారుగా నిలబడి నన్ను అడిగారు.

"వీడు తాగాడా?"

తెలియదండి అని ఉండాల్సింది. గాలి చాలలేదేమోనండి, మూడుసార్లు అడిగాడు అని ఉండాల్సింది. నేను అన్నది ఇది: "పొద్దున్నుంచీ కొంచెం అదోలా ఉన్నాడండి."

"రాసి పంపు," అని ఆయన వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం రేవు దగ్గర పాకలో కూర్చుని రిపోర్టు రాశాను. మద్యనిషేధం ఉన్న రోజులవి. డ్యూటీలో తాగడం ఉద్యోగం పోయే తప్పే కాదు, పోలీసు కేసు కూడా. ఆ సంగతి తెలిసే రాశాను. తూలుతూ ఉన్నాడని, దురుసుగా ప్రవర్తించాడని, మద్యం సేవించినట్లు కనిపించిందని. గాలి విషయంలో మన లోపం ఏమీ లేదని చూపడానికి పుస్తకంలోని అంకె ఎత్తి రాద్దామని పేజీ తెరిచాను. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. అంతకుముందు అంకె చూసుకుని పుస్తకం మూసేశాను గాని, ఆ వాక్యం చదవలేదు.

పై కొలత డైవరు ఉన్న లోతులో ఉండే ఒత్తిడి దగ్గరిదని అందులో ఉంది.

చదవగానే అంతా తెలిసిపోయింది. నీటి బరువుకు గాలి నలుగుతుంది. ముప్ఫై నాలుగు అడుగుల లోతులో సగానికి సగం నలుగుతుంది. పైన రెండు గోనెసంచులు నింపే గాలి అక్కడికి చేరేసరికి ఒక్క సంచికే సరిపోతుంది. అక్కడ ఒకటిన్నర ఘనపుటడుగులు అందాలంటే ఇక్కడ మూడు కొట్టాలి. పదిహేను కాదు, ముప్ఫై చుట్లు. పన్నెండు అడుగుల దగ్గర కూడా ఇరవై కావాలి. తిప్పేవాళ్ళు ఏ లెక్కా లేకుండా సరిగ్గా అన్నే తిప్పుతూ వచ్చారు. ఘనపుటడుగులను లీటర్లలోకి మార్చడంలో నేను ఏ తప్పూ చెయ్యలేదు. అది ఏ లోతు దగ్గరి ఘనపుటడుగో చూసుకోలేదు, అంతే. ఆ మనిషి పావుగంటకు పైగా తన ఊపిరే తాను మళ్ళీ పీల్చుకుంటూ అక్కడ గొలుసులు కట్టాడు.

రిపోర్టు ఇంకా బల్లమీదే ఉంది. టపా పట్టుకెళ్ళే బంట్రోతు నాలుగింటికి వస్తాడు. అప్పటికి మూడు దాటింది. దాన్ని చింపెయ్యడానికి చాలినంత వ్యవధి ఉంది. బయట చెట్టు నీడన డైవరు పడుకుని ఉన్నాడు. బావమరిది తడిగుడ్డతో తల తుడుస్తున్నాడు. పాక తడికలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నారు. భుజం తట్టిన ఇంజనీరుగారికి నేనే తప్పు లెక్క చెప్పానని ఎలా చెప్పడం? ఆర్నెల్లు పూర్తికావడానికి ఇంకా మూడు వారాలుంది.

బంట్రోతు వచ్చాడు. కవరు ఇచ్చేశాను.

సాయంత్రానికి డైవరుకు తెలివి తేరింది. నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం జరిగిందో నాకు తెలవదండి. దొరగారిని ఏవన్నా అన్నానంటండి. తప్పయిపోయిందండి. గాలి అందలేదండి."

నేను అతని మొహంలోకి చూడలేదు. "పైవాళ్ళు చూసుకుంటారు," అన్నాను. మర్నాడు అతన్ని పనిలోంచి తీసేసి, డిపార్టుమెంటు డైవర్ల జాబితాలోంచి పేరు కొట్టేశారు.

మూడురోజులకు కాకినాడ వైపునుంచి ఇంకో డైవరు వచ్చాడు. అతను దిగేముందు నేను ఇంకో నలుగురు మనుషుల్ని వేసి, వంతులవారీగా నిమిషానికి ముప్ఫై చుట్లు తిప్పించాను. అదనపు మనుషులెందుకని ఇంజనీరుగారు అడిగితే, జాగ్రత్త కోసమండి అన్నాను, చుట్ల సంగతి ఎత్తలేదు. కొత్తవాడు అదే మడుగులో గంటసేపు పనిచేసి నవ్వుతూ పైకొచ్చాడు. ఇంజనీరుగారు నాతో అన్నారు: "చూశావా, అదే పంపు, అదే లోతు. తేడా అంతా మనిషిలో ఉంది."

"అవునండి," అన్నాను.

నేను దిద్దుకున్న లెక్కే ఆ పాత డైవరుకు సాక్ష్యం లేకుండా చేసింది. పంటు పైకి తేలింది. నన్ను పర్మనెంటు చేశారు.

నాలుగైదేళ్ళు గడిచాయి. పెళ్ళయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అమలాపురం బదిలీ అయి వచ్చాను. ఆ విషయం మరిచిపోయానని అనను. ఎక్కడ పంపు చప్పుడు విన్నా నా ప్రమేయం లేకుండా చుట్లు లెక్కపెట్టేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి, "ఏవిటండీ, మీలో మీరు అంకెలు చదువుకుంటున్నారు?" అని అడిగితే, ఆఫీసు పని అన్నాను.

ఒకరోజు బోడసకుర్రు రేవులో ఏరు దాటించే పంటు కోసం నిలబడి ఉంటే, కొబ్బరికాయలు దింపుతున్న మనిషి నన్ను చూసి ఆగాడు. డైవరు బావమరిది. తప్పుకు పోదామనుకున్నాను. అతనే దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టాడు.

"మీ బావ ఎలా ఉన్నాడు?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలి గనక.

"ఉన్నాడండి. పడవలు బాగుచేత్తన్నాడండి. దిగడం లేదు గదండి. ఎవరూ పిలవరు గదా. అప్పుడు నిషేధం పోలీసులొచ్చి ఇల్లంతా తిరగేసేరండి. కుండలు పగలగొట్టేరండి. ఏవీ దొరకలేదు గాని, పేరు పడిపోయింది. ఊళ్ళో పిల్లకాయలు కూడా సారా డైవరనే అంటారండి."

నేను ఏటివైపు తిరిగి పంటు వస్తోందా అని చూశాను.

"మా బావ చుక్క ముట్టడండి బాబుగారూ. పని నేర్పినాయన చేతిలో చెయ్యేసి ఒట్టేసేడంట, నీళ్ళల్లో దిగేవోడు ముట్టకూడదని. తవరికి తెలవదు కాబట్టి రాసేరు. తవర్ని ఏవీ అనుకోడండి మా బావ."

తవరికి తెలవదు కాబట్టి. ఆ మాట విన్నాక నాకు పంటు ఎక్కబుద్ధి కాలేదు. ఇంటికి వెళ్ళిపోయాను. ఆ ఆదివారం లాంచీలో మొగ వైపుకు బయల్దేరాను.

ఊరి చివర తన ఇంటి ముందు ఇసకలో బోర్లా వేసిన పడవకు అతను తారు పూస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుని లేచాడు. "ఓయమ్మ, బాబుగారే! రండి," అంటూ ముక్కాలిపీట తెప్పించాడు. నేను కూర్చోలేదు.

"మీతో ఒక మాట చెప్పాలని వచ్చాను. ఆ రోజు మీరు తాగలేదు. గాలి తక్కువైంది. నా లెక్క తప్పు."

అతను తారు డబ్బా మీద మూత పెట్టాడు. తర్వాత అడిగాడు.

"నా ఎనకాల దిగినాయనకి ఎన్ని చుట్లు తిప్పించేరండి?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. అబద్ధం చెబుదామా అని ఆ క్షణాన కూడా అనిపించింది.

"ముప్ఫై," అన్నాను.

"అంటే అప్పటికే తెలుసన్నమాట తవరికి."

"తెలుసు. రిపోర్టు పంపకముందే తెలిసింది."

అతని పెళ్ళాం గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడ చేతిలో చీపురు కింద పడేసింది. నేను తొందర తొందరగా, పైవాళ్ళకు ఉత్తరం రాస్తాను, నిజం అంతా రాస్తాను, పేరు మళ్ళీ ఎక్కిస్తారు అంటూ ఏవేవో చెప్పాను. అతను చెయ్యెత్తి ఆపాడు.

"కాయితం తవరిష్టవండి. కాయితాలు మా ఊరోళ్ళు సదవరు గదా. ఆళ్ళకి చెప్పండి."

పది నిమిషాల్లో ఇరవైమంది దాకా పోగయ్యారు. బావమరిది కూడా వచ్చాడు. నేను మొదలుపెట్టాను. ఘనపుటడుగు అంటే ఏమిటో, లీటరు అంటే ఏమిటో, ఒకదాన్ని ఇంకొకదాన్లోకి ఎలా మారుస్తారో, లోతులో ఒత్తిడి ఎలా పెరుగుతుందో చెప్పుకుపోయాను. చెబుతుంటేనే నాకు తెలుస్తోంది, ఆ మాటల వెనక దాక్కుంటున్నానని. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక ముసలమ్మ, "ఇంతకీ తాగేడా, తాగలేదా బాబూ?" అంది.

బావమరిది నా వైపు చూశాడు. రేవులో దణ్ణం పెట్టినప్పటి చూపు కాదది.

"నే చెప్తాను. ఇద్దరికి కావలసిన గాలి కొట్టాల్సిన చోట ఒకడికే కొట్టించేరు. మనోడు అడిగితే ఇవ్వద్దన్నారు. ఊపిరాడక తూలితే తాగేడని రాసేరు. అంతేనాండీ?"

"అంతే," అన్నాను. "ఆయన తాగలేదు. నేను అబద్ధం రాశాను."

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఒకరిద్దరు ఇసకలో ఉమ్మేసి వెళ్ళిపోయారు. డైవరు మళ్ళీ పడవ దగ్గర కూర్చుని కుంచె తీసుకున్నాడు. నేను వెళ్ళొస్తానంటే తల ఊపాడు, మొహం ఎత్తలేదు. అతని పెళ్ళాం మాత్రం వెనకనుంచి, "నా కుండలు మూడు పగలగొట్టేరండి. నా పిల్లల ఎదురుగా," అంది.

మర్నాడే ఉత్తరం రాసి పంపాను. ఇంజనీరుగారు అప్పటికి రిటైరయ్యారు. రెండు నెలల తర్వాత నాకు ఒక హెచ్చరిక వచ్చింది. డైవరు పేరు మళ్ళీ జాబితాలో ఎక్కించినట్టు ఇంకో కాగితం వచ్చింది. ఆ మరుసటి ఏడు ఎక్కడో లాకు తలుపుల పనికి అతన్ని పిలిచారని, వెళ్ళి రెండురోజులు దిగాడని, చెవులు లోతు తట్టుకోవడం లేదని తిరిగి వచ్చేశాడని బావమరిది ద్వారా విన్నాను. ఊళ్ళో సారా డైవరనే పేరు పోయిందా అని అడిగాను.

"పెద్దోళ్ళు మానేసేరండి," అన్నాడు. "పిల్లకాయలకి అలవాటైపోయింది గదండీ."